పెంటప్ప చెప్పిన మూడో భాగం

పెంటప్పకు ఇంగ్లీషు ముక్క రాదు. ఆ సంగతి సోలాపూర్ దాజీ పేట్‌లో అందరికీ తెలుసు. తెలిసి తెలిసీ ఏడేళ్ళపాటు ఇంగ్లీషు సినిమాలను ఆయన నోటివెంటే చూశారు, కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు, చప్పట్లు కొట్టారు. తీరా ఒక మధ్యాహ్నం ఆయన తప్పు బయటపడగానే, తమకేమీ తెలియనట్టు, తమనెవరో నిలువునా మోసం చేసినట్టు మొహాలు పెట్టారు. ఇలాంటి వాటిలో అందరూ తోడుదొంగలే. పట్టుబడేది మాత్రం ఒక్కడు.

పెంటప్ప పుట్టింది నేతవాళ్ళ ఇంట్లో కాదు, నేతవాళ్ళకు కథ చెప్పే ఇంట్లో. నేతవాళ్ళు ఎక్కడ మగ్గం వేసుకుంటే అక్కడికి బొమ్మల పటం మోసుకెళ్ళి, వాళ్ళ కులం పుట్టుక కథ చెప్పి, వాళ్ళు పెట్టింది తీసుకుని రావడం ఆ ఇంటివాళ్ళకు తరతరాల హక్కు. నేతవాళ్ళు బతుకుదెరువు వెతుక్కుంటూ సిద్దిపేట వైపు నుంచి సోలాపూర్ వస్తే, వాళ్ళ వెనకే పెంటప్ప తండ్రి కూడా పటం భుజాన వేసుకుని వచ్చాడు. ముప్ఫై మూరల గుడ్డ అది. ఎర్రటి రంగు మీద వరసలు వరసలుగా బొమ్మలు. తామరతూడు నారతో దేవతలకు బట్ట నేసిన ఋషి, ఆయన పెళ్ళాడిన సూర్యుడి కూతురు, మగ్గం విరగ్గొట్టడానికి వచ్చిన రాక్షసుడు. తండ్రి కర్రతో ఒక్కో బొమ్మనూ తాకి పాడుతుంటే పెంటప్ప పక్కన నిలబడి వంత పలికేవాడు.

తండ్రి పోయాక కొన్నేళ్ళు పెంటప్పే చెప్పాడు. నారళీ పున్నమి, అంటే శ్రావణ పున్నమి నాడు కులదేవుడి రథం ఊరేగుతుంది కదా, అంతకు ముందురోజు వాడ సంఘం హాల్లో పటం విప్పడం ఆనవాయితీ. ఆ తర్వాత లౌడ్‌స్పీకర్లు వచ్చాయి, భజన మండళ్ళు వచ్చాయి, ఆర్కెస్ట్రాలు వచ్చాయి. ‘ఈసారికి వద్దులే పెంటప్పా’ అని సంఘంవాళ్ళు అన్నది 1983లో. ఆ ఈసారి పదకొండేళ్ళు సాగింది. పటం అటకెక్కింది. పెంటప్ప రాఘవేంద్ర సేట్ కార్ఖానాలో చాదర్లు నేసే సాంచాల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, పనికి కుదిరాడు. భార్య యల్లమ్మ బీడీలు చుట్టేది. ఆయనకు మిగిలిన కోరిక ఒక్కటే. చచ్చేలోగా ఒక్కసారి ఆ హాల్లో పటం మళ్ళీ విప్పి, తండ్రి చెప్పినట్టు మొదటినుంచి చివరిదాకా చెప్పాలి. ఈ మాట కనిపించిన ప్రతివాడితోనూ అనేవాడు. విని విని జనం ఊఁ కొట్టడం కూడా మానేశారు.

1987లో రాజారాం అనేవాడు ఒక పాత సాంచాల షెడ్డులో చాపలు పరిచి, కలర్ టీవీ పెట్టి వీడియో హాల్ తెరిచాడు. హిందీ సినిమాలు వేసేవాళ్ళు వీధికి ఇద్దరున్నారు గనక తాను ఇంగ్లీషు సినిమా తెచ్చాడు. చుక్కల మధ్య తిరిగే ఒక పెద్ద ఓడ, అందులో ఎర్రకోటు తొడుక్కున్న కప్తాన్, గాజు తలకాయలున్న శత్రువులు. పేరు ఎవరికీ నోరు తిరగలేదు. చుక్కల ఓడ అన్నారు. పావుగంటకే జనం చాపలు దులుపుకుని లేవసాగారు. అప్పుడు పెంటప్ప మూలనున్న కర్ర అందుకుని టీవీ పక్కన నిలబడ్డాడు. కప్తాన్ మీద కర్ర ఆనించి, పటం ముందు ఎత్తుకునే గొంతుతోనే ఎత్తుకున్నాడు. లేచినవాళ్ళు కూర్చున్నారు.

ఆయన చేసింది మంత్రమేమీ కాదు. పటం చదివినట్టు టీవీని చదివాడు. పెద్దగా కనిపించేవాడు పెద్దవాడు. ఒకే రంగు బట్టలో మళ్ళీ మళ్ళీ వచ్చేవాడు ఒకే మనిషి. ఆడది తలుపు దగ్గర నిలబడి చూస్తే ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు. మిగతా సందుల్లో తన సొంత సరుకు నింపాడు. ఓడలోని ముసలి సలహాదారును కప్తాన్ తండ్రిని చేశాడు, గాజు తలల వాళ్ళకు ఒక శాపం పెట్టాడు. ముసలాయన చచ్చిపోతే ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. ఆ సినిమా నెలరోజులు ఆడింది. అప్పటినుంచి కార్ఖానా సెలవు రోజు మధ్యాహ్నం పెంటప్ప లేకుండా రాజారాం హాల్లో బొమ్మ పడలేదు.

మూడేళ్ళకు రెండో భాగం వచ్చింది. దాంతోపాటు చిక్కూ వచ్చింది. తీసినవాళ్ళకు ఒళ్ళు తెలియదో, చూసేవాళ్ళకు బుర్ర ఉండదనుకున్నారో గానీ ఏదీ మొదటి భాగంతో కలవలేదు. అప్పుడు మూడు రెక్కలున్న ఓడకు ఇప్పుడు నాలుగు. కప్తాన్ ఎడమ చెంప మీది మచ్చ కుడి చెంపకు దూకింది. చచ్చి బూడిదైన ముసలాయన నిక్షేపంగా తిరుగుతున్నాడు. వీటన్నిటినీ పెంటప్ప సాంచా మీద తెగిన పోగు అతికినట్టు చకచకా అతికేశాడు. రెక్క కొత్తగా వేయించారు. మచ్చ అద్దంలో చూపించారు. ముసలాయన చచ్చినవాడి తమ్ముడు. జనం సరేనన్నారు. కానీ కప్తానే వేరే మనిషి. ఆ పాత నటుడికీ సినిమా కంపెనీకీ ఎక్కడ చెడిందో ఏమో, అతన్ని తీసేసి అదే ఎర్రకోటు ఇంకొకడికి తొడిగారు. పాతవాడు కోలమొహం, కొత్తవాడు బూరెబుగ్గల మనిషి. ఇది అతికేది కాదు. వెనకనుంచి ఎవరో అడగనే అడిగారు, గీ మాణూస్ వేరే ఉన్నడు కద, మనోడేడీ అని.

పెంటప్ప సినిమా ఆపించాడు. జనం వైపు తిరిగాడు.

“మొహం చూడకుండ్రి, కోటు చూడుండ్రి. పటంల రుషి మొహం, రాక్షసుని మొహం ఒక్కతీర్గనే ఉంటది. బట్టను చూసి మనిషిని గుర్తు పట్టాలె. బట్ట నేసేటోళ్ళు మీరు, మీకు నేను చెప్పాల్నా?”

నేతవాళ్ళకు ఇంతకంటే తీపి మాట ఏముంటుంది. హాలు హాలంతా చప్పట్లు కొట్టింది. ఆ మాట వారం తిరక్కుండా భవాని పేట్ దాకా పాకింది. రాజారాం పెంటప్పకు ఒక కొత్త కండువా కప్పాడు. ఆ సాయంత్రం పెంటప్ప ఇంటికి వచ్చి అదే మాట యల్లమ్మకు మళ్ళీ చెప్పాడు. ఆమె తునికాకు కత్తిరిస్తూ, ఆ కథ నీకు ఎవరు చెప్పారయ్యా అని అడిగింది. ఆయన నవ్వాడు. బొమ్మ చూస్తే నాకు తెలుస్తుంది అన్నాడు. అప్పటికే ఆ మాటను తానే నమ్మడం మొదలుపెట్టాడు. పొగడ్త ఎంతటివాణ్ణయినా గుడ్డివాణ్ణి చేస్తుంది, పెంటప్ప మరీ అంతటివాడేం కాదు.

1994 ఆషాఢంలో రాఘవేంద్ర సేట్ సాంచా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఆయన ఆ ఏడు సంఘానికి అధ్యక్షుడు కూడా. పిల్లలు కులం సంగతులు మరిచిపోతున్నారని, ఈ పున్నమికి పటం విప్పిద్దామని కమిటీలో అనుకున్నారట. పెంటప్ప నోటికి ఇంకా పదును ఉందో లేదో ఒకసారి వింటామని వాళ్ళ షరతు. వీడియో హాల్లో మూడో భాగం పడే రోజు కమిటీ పెద్దలందరూ వచ్చి కూర్చుంటారు.

పెంటప్ప సాంచా ఆపేశాడు. సంతోషం పట్టలేక ఇంటికి పరుగెత్తి, అటక మీది పటం దించి, యల్లమ్మతో కలిసి ఎండలో పరిచాడు. రంగు ఎక్కడా రాలలేదు. ఒక మూలన మాత్రం ఎలుక రెండు వేళ్ళ మేర కొరికింది. యల్లమ్మ ఆ చోట అదే రంగు దారంతో కుట్టింది. ఎన్నడూ లేనిది ఆ రోజు ఆమె కూడా కూనిరాగం తీసింది.

మూడో భాగం క్యాసెట్ బొంబాయి నుంచి ఆట రోజు పొద్దున్నే చేరింది. అంతకు ముందు ప్రతి సినిమానూ పెంటప్ప ఒకసారి ఒంటరిగా చూసి, లోపల కథ అల్లుకుని అప్పుడు జనం ముందుకు వచ్చేవాడు. ఈసారి ఆ వ్యవధి లేదు. ఆట రేపటికి మారుద్దామా కాకా అని రాజారాం అడిగాడు. కమిటీవాళ్ళు మళ్ళీ వస్తారో రారో. అక్కర్లేదు, నాకు తెలుసు అన్నాడు పెంటప్ప. డబ్బా మీద అంతా ఇంగ్లీషు రాతే ఉంది. లోపల ఏముందో ఇద్దరూ చూడలేదు.

హాలు కిక్కిరిసింది. కమిటీవాళ్ళకు ముందు వరసలో కుర్చీలు వేశారు. పెంటప్ప రాజారాం కప్పిన కండువా వేసుకుని, తండ్రి కర్ర పట్టుకుని నిలబడ్డాడు. సినిమా మాటలు లేకుండా మొదలైంది. మంచు కప్పిన ఒక గ్రహం, అందులో ఒక జైలు, జైల్లో చిరిగిన నల్లబట్టలతో గడ్డం పెరిగిన ఖైదీ. వాడు తల తిప్పగానే హాల్లో గుసగుస లేచింది. వాడు మొదటి భాగంలోని కోలమొహం కప్తాన్. కొద్దిసేపటికి జైలు బయట రెండో భాగంలోని బూరెబుగ్గల మనిషి ఎర్రకోటులో ప్రత్యక్షమయ్యాడు.

పెంటప్ప కర్ర గాల్లోనే ఆగింది. పాత మొహం ఒకవైపు, ఎర్రకోటు ఒకవైపు. ఏది పట్టుకోవాలి? నాకు తెలియదు, కాసేపు చూద్దాం అని ఉంటే ఆయన బతుకు ఇంకోలా ఉండేది. కానీ ముందు వరసలో కమిటీ ఉంది, కమిటీ వెనక పున్నమి ఉంది. నాలుగేళ్ళ కిందట చప్పట్లు కొట్టించిన మాట నాలుక మీద సిద్ధంగా ఉంది.

కర్ర ఖైదీ మీద ఆనించాడు. వీడు మాయగాడన్నాడు. మన కప్తాన్ రూపం ఎత్తుకుని లోకాన్ని మోసం చేసిన రాక్షసుడన్నాడు. అందుకే పట్టి గొలుసు వేశారు, నల్లబట్ట చూడండి, ఎర్రకోటు ఎవరి ఒంటి మీద ఉందో చూడండి అన్నాడు. పది నిమిషాలు ఊపిరి తీసుకోకుండా చెప్పాడు. తండ్రి రాక్షసుడికి పాడే పాట ఖైదీకి పాడాడు. అంత బాగా ఆయన ఎన్నడూ చెప్పలేదని ఆ రోజు అక్కడున్నవాళ్ళు తర్వాత కూడా ఒప్పుకున్నారు. ఆడవాళ్ళు ఖైదీని దుమ్మెత్తి పోశారు. రాఘవేంద్ర సేట్ పక్కవాడి వైపు చూసి తల ఊపాడు.

అప్పుడు ఖైదీ నోరు తెరిచాడు. ఇంగ్లీషులో కాదు. హిందీలో.

“కప్తాన్ మై హూఁ. యే మేరా కోట్ పహన్‌కే బైఠా హై.”

కప్తాన్ నేను, వీడు నా కోటు తొడుక్కుని కూర్చున్నాడు అని. సోలాపూర్‌లో పాలు తాగే పిల్లకు కూడా అర్థమయ్యే హిందీ. బొంబాయివాళ్ళు సినిమాకు హిందీ గొంతులు పెట్టి పంపారు.  వెనకనుంచి ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తర్వాత ఇక ఎవరూ ఆపుకోలేదు. చాపల మీద పడి దొర్లి నవ్వారు. కుర్చీల్లోని కమిటీవాళ్ళు కూడా నవ్వారు. రాజారాం వచ్చి కర్ర అందుకుని, కూసో కాకా అన్నాడు మెల్లగా. పెంటప్ప కూర్చోలేదు. నిలబడే సినిమా అంతా చూశాడు.

ఆ సినిమా అంతటితో ఊరుకోలేదు. ఖైదీ తన గతం మొదటినుంచీ చెప్పుకొచ్చాడు. ముసలాయన కప్తాన్‌కు తండ్రి కాడు, వంటవాడు. గాజు తలల వాళ్ళకు శాపమూ లేదు, పాడూ లేదు. ఏడేళ్ళుగా పెంటప్ప అల్లినదంతా పోగు పోగుగా ఊడిపోయింది. నిజం చెప్పాలంటే అసలు అతుకుల పని చేసింది ఆ సినిమా తీసినవాళ్ళు. నటుడితో చెడి ఒకణ్ణి మార్చారు, తర్వాత పాతవాడితో రాజీ కుదిరితే, మధ్యలో వచ్చినవాడు దొంగ అని కథ తిప్పారు. వాళ్ళను చూసి ఎవరూ నవ్వలేదు. సముద్రాల అవతల ఎవడో అలిగి మళ్ళీ కలిస్తే, ఇక్కడ దాజీ పేట్‌లో పెంటప్ప పరువు గంగలో కలిసింది. ఇది న్యాయమా అని అడగడానికి ఆయనకు దిక్కెవరు?

మర్నాటి నుంచి ఆయన పేరు మారింది. కార్ఖానాలో, చాయ్ హోటల్లో, నల్లా దగ్గర, ఎక్కడ కనిపించినా ‘కప్తాన్ ఎవలు కాకా’ అని అడిగారు. మొదటి భాగంలో ముసలాయన కోసం ఏడ్చిన ఆడవాళ్ళే, మా కన్నీళ్ళు ఇచ్చేయి అని ఎగతాళి చేశారు.  మూడో రోజు యల్లమ్మ బీడీల చేట పక్కన పెట్టి అంది.

“తెల్వంది తెల్వదంటే నీ నోరు పడిపోతుండెనా?”

ఆయన రాజారాం కప్పిన కండువా మడిచి అటక మీద పడేశాడు. 

పున్నమికి పది రోజులుందనగా రాఘవేంద్ర సేట్ మళ్ళీ సాంచా దగ్గరికి వచ్చాడు. పటం విప్పుతామన్న మాట అలాగే ఉందన్నాడు. పెంటప్ప మొహం వెలిగింది. కాకపోతే కథ లక్ష్మణ్ మాస్తర్ చదువుతాడన్నాడు సేట్. లక్ష్మణ్ మాస్తర్ బడి పంతులుగా చేసి రిటైరైన మనిషి, ఆయన దగ్గర అచ్చేసిన కులపురాణం ఉంది. మనిషి మంచివాడే.

“నీ మాటకు జనం నవ్వుతున్నరు కాకా. దేవుని కథకు నవ్వొద్దు కద.”

“ఆ సినిమా నాకు తెల్వది సేట్, ఒప్పుకుంట. ఇది మా నాయిన నోట్లకెల్లి వచ్చింది. ఇది నాకు తెల్సు.”

“గదానికి గూడ తెల్సనే అంటివి,” అన్నాడు సేట్. కోపంగా అనలేదు. అందుకే పెంటప్పకు ఎదురు చెప్పడం కుదరలేదు.

పటం ఇవ్వొద్దు, చింపి పొయ్యిలో పెడదాం గానీ ఇవ్వొద్దని యల్లమ్మ మొత్తుకుంది. ఆమెకు అంత కోపం రాగా ఆయన ఎన్నడూ చూడలేదు. అయినా ఇచ్చాడు. చుట్టి పెట్టిన గుడ్డ ఇంకో పదేళ్ళుంటే మడతల్లోనే రంగు అంటుకుపోతుందన్నాడు. అది సాకు. తాను చెప్పకపోయినా సరే, ఆ బొమ్మలు నలుగురి కళ్ళబడాలని ఆయన ప్రాణం కొట్టుకుంది.

పున్నమి ముందురోజు మూడు గంటలకు హాల్లో పటం కట్టారు. లక్ష్మణ్ మాస్తర్‌కు మైకు, శాలువా, కుర్చీ. పెంటప్పకు పటం పక్కన నిలబడి కిందినుంచి విప్పుతూ పైకి చుట్టే పని. మాస్తర్ పుస్తకం చదివాడు. పుస్తకంలో కథ వరస వేరు, పటంలో వరస వేరు. సూర్యుడి కూతురి పెళ్ళి దగ్గర మాస్తర్ వేలు రాక్షసుడి చెల్లెలి మీద పడింది. ఆకుపచ్చ చీర ఆమెది, పెళ్ళికూతురిది పసుపుపచ్చ చీర. పసిపిల్లలకు చెప్పే తేడా అది. పెంటప్ప ఊరుకోలేకపోయాడు. ఆమె కాదు మాస్తర్, ఆ పక్కామె అన్నాడు.

“కప్తాన్ ఎవలు కాకా?” అని వెనకనుంచి ఎవరో అరిచారు.

హాలు గొల్లుమంది. మాస్తర్ కూడా నవ్వు ఆపుకుంటూ కళ్ళజోడు సర్దుకుని, వేలు అక్కడే ఉంచి చదివాడు.  ఋషి పెళ్ళి రాక్షసుడి చెల్లెలితో జరిగిపోయింది. నేతవాళ్ళందరూ అక్షింతలు వేశారు.

గంటన్నరకు పుస్తకం అయిపోయింది. మాస్తర్ మంగళం పాడి పుస్తకం మూశాడు. జనం లేచి చెప్పులు వెతుక్కుంటున్నారు. పటం కిందికర్రకు ఇంకా రెండు మూరల గుడ్డ చుట్టే ఉంది. ఆ రెండు మూరల్లో ఒక నేతవాళ్ళ వాకిలి ఉంటుంది. వాకిట్లో పటం కట్టి ఉంటుంది, పటం పక్కన కర్ర పట్టుకుని ఒక మనిషి నిలబడి ఉంటాడు. పెంటప్ప తండ్రి అక్కడికి వచ్చాక కర్ర కింద పెట్టేవాడు. ఋషి తన బిడ్డలకు మగ్గం ఇచ్చి, వాళ్ళ కథ మరిచిపోకుండా చూడమని ఆ మనిషిని వాళ్ళకు అప్పగించాడని చెప్పి, ఏడు తరాల తాతల పేర్లు వరసగా పలికేవాడు. అది పలికితేగాని కథ ముగిసినట్టు కాదు.

పెంటప్ప కిందికర్ర వదలకుండా రాఘవేంద్ర సేట్‌ను పిలిచాడు.

“ఇంక రెండు మూరలున్నది సేట్.”

“దాంట్ల ఏముంది?”

“మేమున్నం.”

సేట్ మాస్తర్ వైపు చూశాడు. మాస్తర్ పుస్తకం చివరి పేజీ తిప్పి చూసి, ఇందులో అలాంటిదేమీ లేదన్నాడు. ప్రసాదం దగ్గర జనం తోసుకుంటున్నారు, ఎవరో సేట్‌ను కేకేస్తున్నారు.

“మరి చుట్టెయ్యి కాకా,” అన్నాడు సేట్. “రథం పని ఉంది.”

పెంటప్ప పటాన్ని పైనుంచి కిందికి చుట్టుకుంటూ వచ్చాడు. విప్పని రెండు మూరల మీద విప్పిన ఇరవై ఎనిమిది మూరలూ చుట్టి, తాడు కట్టి, హాల్లోనే ఒక మూలకు ఆనించాడు. ఇంటికి తీసుకుపోలేదు.